అంకెలతో రహస్య సందేశం చేత్తో రాయడం ఎలా: తెలుగు అక్షరాల టేబుల్ నుంచి పేజీ చింపేసేదాకా

అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ట్రెజర్ హంట్ పెట్టేవాళ్ళు, కాలేజీ ఫెస్ట్‌కి పజిల్ కావాలనేవాళ్ళు, ఊరికే సరదాకి ఇద్దరు ఫ్రెండ్స్ మధ్య రాసుకుందాం అనుకునేవాళ్ళు, అందరూ ఒకటే అడుగుతున్నారు, గూఢచారులు అంకెలతో రాసేవాళ్ళు కదా అది తెలుగులో సరిగ్గా ఎలా చెయ్యాలి అని. ఇంగ్లీష్ అక్షరాలతో చేసే పద్ధతులు ఎక్కడైనా దొరుకుతాయి గానీ గుణింతాలు, ఒత్తులు వచ్చేసరికి అందరూ ఆగిపోతున్నారు. అందుకని మొత్తం వరసగా, ఉదాహరణతో సహా ఇక్కడ పెడుతున్నా. ఫోన్ అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు, ఒంటి అంకెల కూడిక, తీసివేత వస్తే చాలు.

## 1. ముందు ఇది అర్థం చేసుకోండి: పనులు రెండు

మొదటి పని, అక్షరాల్ని అంకెలుగా మార్చడం. రెండో పని, ఆ అంకెలకి మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని అంకెలు (వీటినే కీ అంటారు) కలపడం. రహస్యం అంతా రెండో పనిలోనే ఉంది.

చాలామంది మొదటి పనితో ఆపేస్తారు. అ అంటే 1, ఆ అంటే 2 అని రాసేసి ఇంక ఎవరికీ తెలీదు అనుకుంటారు, కానీ తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, ఉకారం ఇకారం మాటిమాటికీ వస్తాయి, కాబట్టి కాస్త పొడుగు సందేశం దొరికితే ఓపిక ఉన్న ఇంటర్ కుర్రాడు ఒక సాయంత్రం కూర్చుని విప్పేస్తాడు.

ఈ రెండో పనిని సరిగ్గా చేసే పద్ధతిని వన్ టైమ్ ప్యాడ్ అంటారు. నియమాలు తప్పకపోతే దీన్ని విప్పడం ఎవరివల్లా కాదని అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ 1949లో అచ్చయిన పేపర్లో లెక్కగా నిరూపించాడు. నియమాలు తప్పకపోతే అన్న మాట దగ్గరే కథంతా ఉంది, కింద ఎక్కువ భాగం దాని గురించే.

## 2. సామాను

- గళ్ళ కాగితం నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు
- రాసేటప్పుడు కాగితం కింద పెట్టుకోడానికి అద్దం ముక్కో స్టీలు పళ్ళెమో (కింద పేజీ మీద అచ్చు పడకూడదు)
- తంబోలా బిళ్ళలు, లేకపోతే రెండు రంగుల పాచికలు
- జిప్ కవర్లు రెండు, ఒక్కొక్కరికి ఒకటి

పెన్ను వద్దు, పెన్సిలే వాడండి. మన వైజాగ్ తేమకి, అందులోనూ బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో, కాగితాలు మెత్తబడిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి, జెల్ పెన్ను ఇంకు పాకేసి 3 ఏదో 8 ఏదో తెలీకుండా పోతుంది.

## 3. అక్షరాల టేబుల్

ప్రతి అక్షరానికి రెండంకెలు. ఇది నేను వాడే టేబుల్, మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు గానీ ఇద్దరి దగ్గరా ఒకటే ఉండాలి.

- 10–19: 10 అ, 11 ఆ, 12 ఇ, 13 ఈ, 14 ఉ, 15 ఊ, 16 ఎ, 17 ఏ, 18 ఐ, 19 ఒ
- 20–29: 20 ఓ, 21 ఔ, 22 సున్నా (ం), 23 పొల్లు (్), 24 ఋ, 25 మాటకీ మాటకీ మధ్య ఖాళీ, 26 ఫుల్‌స్టాప్, 27 ప్రశ్న గుర్తు, 28 అంకెలు మొదలు లేదా ముగింపు, 29 వాడొద్దు
- 30–39: 30 క, 31 ఖ, 32 గ, 33 ఘ, 34 చ, 35 ఛ, 36 జ, 37 ఝ, 38 ఞ, 39 వాడొద్దు
- 40–49: 40 ట, 41 ఠ, 42 డ, 43 ఢ, 44 ణ, 45 త, 46 థ, 47 ద, 48 ధ, 49 న
- 50–59: 50 ప, 51 ఫ, 52 బ, 53 భ, 54 మ, 55 య, 56 ర, 57 ల, 58 వ, 59 శ
- 60–69: 60 ష, 61 స, 62 హ, 63 ళ, 64 ఱ, 65 విసర్గ, మిగతావి వాడొద్దు
- 70–99: పూర్తి మాటలు

00 నుంచి 09 వరకు కావాలనే ఖాళీగా వదిలేశాను. విప్పేటప్పుడు అక్షరం ఉండాల్సిన చోట సున్నాతో మొదలయ్యే జత వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పిందని వెంటనే తెలుస్తుంది.

రాసే పద్ధతి ఇలా. హల్లు తర్వాత అచ్చు కోడ్ వస్తే అది గుణింతం: కి అంటే 30 12. తలకట్టుకి ఏమీ రాయక్కర్లేదు, క అంటే ఉత్త 30. ఒత్తుకి మధ్యలో పొల్లు పెట్టాలి: ల్ల అంటే 57 23 57. క్ష కి విడిగా కోడ్ లేదు, 30 23 60 అని రాయండి. స్టేషన్ అనాలంటే 61 23 40 17 60 49 23.

ఖాళీ కోడ్ 25ని బద్ధకించి వదిలెయ్యకండి. ఇది తెలుగుకి మాత్రమే వచ్చే తలనొప్పి. "పద ఇంటికి" అని రాసి మధ్యలో 25 పెట్టలేదనుకోండి, అంకెలు 50 47 12 22 40 12 30 12 అవుతాయి, అవతలివాళ్ళు దాన్ని "పదింటికి" అని చదువుతారు, మీరు ఇంటికి పదమంటే వాళ్ళు పది గంటలదాకా అక్కడే నిలబడతారు. ఫుల్‌స్టాప్ పక్కన, 28 పక్కన, పూర్తి మాటల కోడ్ పక్కన మాత్రం 25 అక్కర్లేదు, అవే అడ్డుగా ఉంటాయి.

పూర్తి మాటల్లో మీకు తరచూ పనికొచ్చేవి పెట్టుకోండి. నావి కొన్ని: 70 జగదాంబ, 71 పూర్ణా మార్కెట్, 72 కాంప్లెక్స్, 73 ఆర్కే బీచ్, 74 మద్దిలపాలెం, 75 సింహాచలం, 76 గాజువాక, 77 భీమిలి, 78 రుషికొండ, 79 కైలాసగిరి. 80 నుంచి 89 మీ జట్టులో వాళ్ళ పేర్లకి వదలండి. 90ల్లో ఆదేశాలు: 90 ఆగు, 91 వచ్చేయ్, 92 ప్లాన్ మారింది, 93 పేజీ పోయింది, 94 మళ్ళీ పంపు.

అంకెలు రాయాలంటే 28 పెట్టి, ప్రతి అంకెనీ రెండుసార్లు రాసి, మళ్ళీ 28 పెట్టాలి. 6 అంటే 28 66 28. 10 అంటే 28 11 00 28.

ఈ టేబుల్ ఎవరికైనా తెలిసిపోయినా పర్లేదు. దాచాల్సింది దీన్ని కాదు, తర్వాత వచ్చే పేజీల్ని.

## 4. కీ పేజీలు తయారుచెయ్యడం (అసలు పని ఇదే)

ఒక్కో పేజీలో 50 గ్రూపులు, గ్రూపుకి 5 అంకెలు, అంటే 250 అంకెలు. విసుగొస్తుంది. అయినా ఇక్కడ తొందరపడితే మిగతా అంతా వేస్టే.

తంబోలాతో: 1 నుంచి 90 దాకా బిళ్ళలన్నీ సంచిలో వెయ్యండి, బాగా కలపండి, ఒకటి తియ్యండి, దాని చివరి అంకె మాత్రం రాసుకోండి. 47 వస్తే 7, 90 వస్తే 0. బిళ్ళని తిరిగి సంచిలో వేసి మళ్ళీ కలిపి మళ్ళీ తియ్యండి. తొంభై బిళ్ళల్లో చివరి అంకెగా ప్రతి అంకె సరిగ్గా 9 సార్లు ఉంటుంది కాబట్టి అన్నిటికీ సమాన అవకాశం. అయితే ముందు అన్ని బిళ్ళలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి, ఇంట్లో తంబోలా సెట్‌లో ఒకటో రెండో సోఫా కింద ఉంటాయి. ఆటలోలాగ తీసిన బిళ్ళని పక్కన పెట్టేస్తే కూడా లెక్క చెడిపోతుంది, చివర్లో వచ్చేవి ముందే ఊహించెయ్యొచ్చు.

పాచికలతో: ఎర్రది, తెల్లది తీసుకోండి. తెల్లది 6 పడితే దాన్ని మళ్ళీ వెయ్యండి. ఎర్రది బేసి అయితే తెల్ల పాచిక మీద ఉన్న అంకే మీ అంకె. ఎర్రది సరి అయితే తెల్లదానికి 5 కలపండి, 10 వస్తే 0 రాయండి.

చెయ్యకూడనివి:

- బుర్రలోంచి ఇష్టమొచ్చిన అంకెలు రాయడం. మనిషి చెయ్యి తెలీకుండానే ఒకే అంకెని పక్కపక్కన రాయకుండా తప్పించుకుంటుంది
- ఫోన్ నంబర్లు, బండి నంబర్లు, కరెంటు బిల్లు సర్వీసు నంబర్లు. వైజాగ్ ఎస్టీడీ కోడ్ 0891తో మొదలైతే ఆ నాలుగంకెలు ఊళ్ళో అందరికీ తెలిసినవే
- పుస్తకంలో పేజీ నంబర్లు, రైలు టైమ్ టేబుల్
- బాగోలేదని మధ్యలో అంకెలు దిద్దడం

పేజీ అయ్యాక ఒకసారి చూసుకోండి. 250 అంకెల్లో ప్రతి అంకె సుమారు 25 సార్లు రావాలి, 15కీ 35కీ మధ్యలో ఉంటే మామూలే. పక్కపక్కన ఒకే అంకె రావడం కూడా పాతికసార్ల దాకా ఉంటుంది. మీ పేజీలో అలాంటి జంటలు నాలుగైదే కనిపిస్తే బుర్రలోంచి రాశారన్నమాట, ఆ పేజీ పారేసి మళ్ళీ మొదలెట్టండి.

ఇప్పుడు అదే పేజీకి రెండో కాపీ రాయండి. కాపీ రాసేటప్పుడు ఒకరు చదవాలి ఒకరు రాయాలి, తర్వాత రాసినవాళ్ళు తిరిగి చదవాలి. ఫోటో మాత్రం తియ్యకండి, జెరాక్స్ షాపుకి అసలు తీసుకెళ్ళకండి.

ఇంకొకటి, రెండు కట్టలు పెట్టుకోవాలి: నా నుంచి నీకు ఒకటి, నీ నుంచి నాకు ఒకటి. ఒకే కట్ట ఇద్దరూ వాడితే ఒకే రోజు ఇద్దరూ ఒకే పేజీ తీసే ప్రమాదం ఉంది, అప్పుడు ఏమవుతుందో 8లో చెప్తాను.

## 5. సందేశాన్ని అంకెల్లోకి మార్చడం

ఇదీ మన సందేశం: రేపు 6కి కాంప్లెక్స్. గొడుగు తే

- రేపు: 56 17 50 14
- 6: 28 66 28
- కి: 30 12
- కాంప్లెక్స్: 72
- ఫుల్‌స్టాప్: 26
- గొడుగు: 32 19 42 14 32 14
- ఖాళీ: 25
- తే: 45 17

మొత్తం 20 జతలు, 40 అంకెలు. వీటిని ఐదేసి గ్రూపులుగా విడగొట్టండి:

56175 01428 66283 01272 26321 94214 32142 54517

మొత్తం అంకెలు పదుల్లో రావాలి. రాకపోతే చివర 26లు పెట్టుకుంటూ నింపండి. సందేశం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, "ఎలా ఉన్నావు, నేను బాగున్నాను" లాంటివి మానెయ్యండి, తెలుగులో ప్రత్యయాలు కూడా చాలాచోట్ల తీసెయ్యొచ్చు.

## 6. కీ కలపడం

పేజీలో మొదటి గ్రూపు పేజీకి గుర్తు, దాన్ని కూడికకి వాడకూడదు. మన పేజీ ఇలా మొదలైందనుకుందాం:

40739 38206 91547 20964 77318 05493 68120 49275 13886

సందేశం పైన, కీ కింద, గడికి ఒక అంకె చొప్పున రాసి నిలువుగా కూడండి. పది దాటితే పదుల స్థానం వదిలెయ్యండి, చేతిలో ఒకటి అనుకోకూడదు. 6+8=14 అంటే 4 రాసి ముందుకెళ్ళడమే. బడిలో పడ్డ అలవాటు కొద్దీ చెయ్యి ఆ ఒకటిని పక్కకి తోసేస్తుంది, మొదట్లో అందరికీ తప్పు ఇక్కడే వస్తుంది, అందుకే కుడి నుంచి కాకుండా ఎడమ నుంచి కూడుతూ రండి, ఆ అలవాటు దానంతటదే పోతుంది.

మొదటి గ్రూపు: 56175 + 38206. ఐదూ మూడూ 8, ఆరూ ఎనిమిదీ 4, ఒకటీ రెండూ 3, ఏడూ సున్నా 7, ఐదూ ఆరూ 1. అంటే 84371.

ఇలా అన్నీ చేస్తే పంపాల్సింది ఇది:

40739 84371 92965 86147 78580 21714 52334 71317 67393

## 7. పంపడం, విప్పడం

ముందు గ్రూపులు ఎన్నో చెప్పండి, ఇక్కడ తొమ్మిది. చీటీ మీద రాస్తే 7కి మధ్యలో అడ్డగీత పెట్టండి, 1తో కలవకుండా ఉంటుంది. ఫోన్లో చదివితే తెలుగు అంకెలే చదవండి, ఇంగ్లీష్‌లో ఫైవ్ నైన్ ఒకేలా వినపడతాయి, ఐదు తొమ్మిది అంటే ఆ గొడవే లేదు. ప్రతి గ్రూపూ రెండుసార్లు, మధ్యలో కాస్త ఆగి.

అందుకున్నవాళ్ళు 40739 గుర్తున్న పేజీ తీసి, వచ్చిన అంకెల్లోంచి కీ తీసెయ్యాలి. పై అంకె చిన్నదైతే దానికి 10 కలిపి తీసెయ్యండి, పక్క అంకెని ముట్టుకోకండి. 84371లోంచి 38206: 8–3=5, 14–8=6, 3–2=1, 7–0=7, 11–6=5. మళ్ళీ 56175 వచ్చింది.

ఆ తర్వాత రెండేసి అంకెలుగా విడగొట్టి టేబుల్ చూడటమే. పేజీ గుర్తుని వదిలేసి లెక్కపెడితే ఒకటో గ్రూపు, మూడో గ్రూపు, ఐదో గ్రూపు ఎప్పుడూ జత మొదటి అంకెతో మొదలవుతాయి. రెండు, నాలుగు గ్రూపులు జత మధ్యలో మొదలవుతాయి. ఇది గుర్తుంటే మధ్యలో ఒక గ్రూపు పోయినా మిగతాది చదవగలరు.

## 8. తప్పులు, వాటికి మందు

ఒకే పేజీ రెండుసార్లు వాడటం. దీనికి మందు లేదు. సోవియట్ గూఢచారి సందేశాలకి కూడా ఇదే పద్ధతి వాడేవాళ్ళు, 1942లో యుద్ధం హడావుడిలో కొన్ని వేల కీ పేజీలు రెండేసి సార్లు అచ్చువేశారు, దాన్ని పట్టుకుని అమెరికా వాళ్ళు వెనోనా అనే ప్రాజెక్టులో 1943 నుంచి 1980 దాకా కూర్చుని సుమారు 3000 సందేశాల్ని కొంతకొంతగా విప్పారు.

ఎలా విప్పుతారో మన ఉదాహరణలోనే చూడండి. ఇదే పేజీతో మీరు "ఎల్లుండి" అని మొదలయ్యే ఇంకో సందేశం పంపారనుకుందాం. దాని మొదటి గ్రూపు 16572, కీ 38206 కలిపితే 44778. ఇప్పుడు దొంగచాటుగా రెండు చీటీలూ చూసినవాడు 84371లోంచి 44778 తీసేస్తే 40603 వస్తుంది. రెండిట్లోనూ ఒకటే కీ కాబట్టి అది ఎగిరిపోయింది, మిగిలింది మీ రెండు సందేశాల తేడా మాత్రమే. వాడు మొదటిది "రేపు" అయ్యుంటుందని ఊహించి 56175లోంచి 40603 తీసేస్తాడు: 16572. టేబుల్లో 16 ఎ, 57 ల, తర్వాత 2తో మొదలయ్యేది. ఎల్... ఇంక మిగతాది చెప్పాలా. మీ పేజీ వాడి చేతికి వెళ్ళకుండానే అయిపోయింది.

ఒక అంకె తప్పు పడటం. కంగారు పడకండి, ఒక్క అక్షరమే చెడుతుంది, వాక్యం బట్టి అర్థమైపోతుంది.

ఒక అంకె పోవడం. గ్రూపులుగా రాసేది దీనికోసమే. నాలుగే అంకెలున్న గ్రూపుని పక్కన పెట్టి, తర్వాతి గ్రూపుని దాని కీ గ్రూపు కింద పెట్టి కొనసాగించండి. అస్సలు కుదరకపోతే 94 (మళ్ళీ పంపు) పంపండి, కానీ మళ్ళీ పంపేటప్పుడు అవే అంకెలు యథాతథంగా పంపాలి. మాటలు మార్చి అదే పేజీతో పంపితే మళ్ళీ పైన చెప్పిన తప్పే.

మధ్యలో ఎవరో అంకెలు మార్చడం. దీని గురించి ఎవరూ హెచ్చరించరు. ఈ పద్ధతి చదవనివ్వదు గానీ మార్చనివ్వకుండా ఆపలేదు. టైము మూడో గ్రూపు మొదట్లో ఉంటుందని పసిగట్టినవాడు 86147ని 97147 చేస్తే చాలు, కీ తెలీకపోయినా, మీకు "7కి" అని కనిపిస్తుంది, గంట ఆలస్యంగా వెళ్తారు. అందుకని ముఖ్యమైన టైము సందేశంలో రెండు వేరే చోట్ల రాయండి, ఒకసారి అంకెలో ఒకసారి అక్షరాల్లో, రెండూ కలవకపోతే నమ్మకండి.

## 9. వాడేసిన పేజీ, ఆడకూడని చోట్లు

పంపినవాళ్ళు పంపగానే, అందుకున్నవాళ్ళు చదవగానే పేజీ పోవాలి. పిల్లలైతే నిప్పు జోలికి వెళ్ళక్కర్లేదు, చిన్న ముక్కలు చేసి నీళ్ళల్లో నానబెట్టి పిసికేస్తే చాలు. లెక్కలు వేసిన చిత్తుకాగితం కూడా అంతే, అసలు ప్రమాదం దానితోనే, ఎందుకంటే అందులో సందేశం, కీ, జవాబు మూడూ వరసగా ఉంటాయి.

మనది తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊరు. అంకెల చీటీలు డాక్‌యార్డ్ గేట్ల దగ్గర, పోర్టు రోడ్లో, ఎయిర్‌పోర్ట్ వైపు దాచి ఆడకండి. మీకు ఆటే, అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్ళకి అది ఆట కాదు, పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే తప్పు వాళ్ళది కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్, కాలనీ పార్కు, కాలేజీ గ్రౌండ్ చాలు.

పంపేముందు ఒకసారి:

- పేజీ కొత్తదేనా, సరైన కట్టలోదేనా?
- గుర్తు గ్రూపు కూడికలోకి రాలేదు కదా?
- గ్రూపులు లెక్కపెట్టారా?
- విప్పి చూసుకున్నారా? (మీరే ఒకసారి కీ తీసేసి చూడండి, రెండు నిమిషాలు)
- చిత్తుకాగితం ఎక్కడుంది?

## 10. చెయ్యి తిరగడానికి ఒకటి

వచ్చిన సందేశం: 27705 61571 94580 76963 56033

కీ పేజీ: 27705 19408 73365 20851 94417

రెండే మాటలు, శ్రీకాకుళం నుంచి వైజాగ్ దాకా ఏ ఇంట్లోనైనా వినపడేవే. ఐదో జత 25 రావాలి, చివర మూడు జతలూ 26 రావాలి, అలా రాకపోతే మొదటి గ్రూపు నుంచి తీసివేత మళ్ళీ చూసుకోండి.